యుద్ధం వస్తే సైన్యానికి ఆర్డర్ ఇచ్చేది ఎవరు? రాష్ట్రపతా, ప్రధానమంత్రా, సీడీఎస్సా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: రాష్ట్రపతి సర్వసైన్యాధ్యక్షులని పుస్తకాల్లో ఉంది. ఆపరేషన్ సిందూర్‌కు ముందు ప్రధాని సైన్యానికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చారని టీవీలో విన్నారు. పైగా ఇప్పుడు సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) అనే పదవి కూడా ఉంది. నిజంగా యుద్ధం మొదలైతే ఎవరి మాట మీద సైన్యం కదులుతుంది? సీడీఎస్ ముగ్గురు చీఫ్‌లకూ పైవాడా? మధ్యలో కమాండర్ చనిపోతే ఏమవుతుంది?

ముందు సూటిగా జవాబు చెప్తాను. యుద్ధం చేయాలా వద్దా, ఎంత దూరం వెళ్లాలి అన్నది ప్రధాని అధ్యక్షతన ఉండే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ తేలుస్తుంది. దీన్నే సీసీఎస్ అంటారు. ఆ నిర్ణయాన్ని సైనిక ఆదేశంగా మార్చేది ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ చీఫ్‌లు. యుద్ధాన్ని నడిపేది వాళ్ల కింద ఉన్న కమాండ్‌ల అధిపతులు, వాళ్ల కింద కోర్, డివిజన్, బ్రిగేడ్ కమాండర్లు. సీడీఎస్‌కు ముగ్గురు చీఫ్‌ల మీద కమాండ్ అధికారం లేదు. ఆయన పదవిని సృష్టిస్తూ 2019 డిసెంబరులో కేబినెట్ తీసుకున్న నిర్ణయంలోనే ఆ మాట స్పష్టంగా ఉంది.

నేను ఆర్మీ సిగ్నల్స్‌లో, అంటే ఫోన్, వైర్‌లెస్ సంబంధాలు చూసే విభాగంలో, పనిచేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం బ్రిగేడ్, డివిజన్ హెడ్‌క్వార్టర్స్‌లోనే గడిచింది. పైనుంచి వచ్చే ఆర్డరైనా, కిందనుంచి వెళ్లే రిపోర్టైనా మా లైన్ల మీదుగానే వెళ్లాలి. అందుకే ఈ విషయం పుస్తకాల్లో కంటే ఎక్కువగా పనిలోనే నేర్చుకున్నాను. పెద్ద యుద్ధాల సంగతులు మాత్రం చదివి, సీనియర్లను అడిగి తెలుసుకున్నవి.

రాష్ట్రపతి విషయం ముందు ముగిద్దాం. రాజ్యాంగం 53వ అధికరణం రక్షణ దళాల అత్యున్నత ఆధిపత్యం రాష్ట్రపతికి ఇచ్చింది. దాన్ని చట్టానికి లోబడి వాడాలని కూడా అందులోనే ఉంది. 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడుచుకుంటారు. కాబట్టి అధికారం రాష్ట్రపతి పేరు మీద ఉంటుంది, నిర్ణయం కేబినెట్‌ది. ఒకప్పుడు మనకూ కమాండర్-ఇన్-చీఫ్ అనే సైనిక పదవి ఉండేది. 1955 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తీసేసి మూడు దళాలకూ చీఫ్ ఆఫ్ స్టాఫ్ అని పేరు మార్చారు. ఆర్మీలో చివరి కమాండర్-ఇన్-చీఫ్, మొదటి చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్ ఒక్కరే, జనరల్ రాజేంద్రసిన్హ్‌జీ. మనవాళ్లకు ఆయన ఇంకోలా గుర్తుండాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీద పోలీసు చర్య జరిగినప్పుడు సదరన్ కమాండ్ అధిపతి ఆయనే. షోలాపూర్ వైపు నుంచి వచ్చిన దళాలను నడిపిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఆయన కింద పనిచేశారు.

యుద్ధం 'ప్రకటించాలి' అని చాలామంది అనుకుంటారు. అది తప్పనిసరి కాదు. 1962 అక్టోబరు 26న, 1971 డిసెంబరు 3న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 1999 కార్గిల్‌లో అదేమీ లేకుండానే రెండు నెలలకు పైగా యుద్ధం నడిచింది.

సీసీఎస్ అసలు ఏం చేస్తుంది?

ప్రధాని, రక్షణ, హోం, ఆర్థిక, విదేశాంగ మంత్రులు ఇందులో ఉంటారు. ముగ్గురు చీఫ్‌లు, సీడీఎస్, జాతీయ భద్రతా సలహాదారు వచ్చి పరిస్థితి చెబుతారు. అక్కడ తేలేది ప్రధానంగా రెండు విషయాలు. ఏం సాధించాలి? ఏ గీత దాటకూడదు?

కార్గిల్ చూడండి. 1999 మే మొదట్లోనే చొరబాటు బయటపడింది. ఎయిర్ ఫోర్స్ వాడటానికి సీసీఎస్ అనుమతి మే 25న వచ్చింది, మర్నాడు దాడులు మొదలయ్యాయి. అనుమతితో పాటు ఒక షరతు పెట్టారు: నియంత్రణ రేఖ దాటకూడదు. ఢిల్లీలో అది ఒక్క వాక్యం. ద్రాస్‌లో దాని అర్థం ఏమిటంటే, శిఖరం మీద కూర్చున్న శత్రువు వెనక్కి వెళ్లి అతని సరఫరా దారి తెంచే వీలు లేదు. మన కుర్రాళ్లు కింద నుంచి, రాత్రిపూట, బండల మధ్య పాకుతూ ఎదురుగా ఎక్కాలి. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య అలా కంపెనీని నడిపిస్తూనే 1999 జూన్ 28న అమరుడయ్యాడు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. ఆ షరతు వల్ల ప్రపంచ దేశాలు మన పక్షాన నిలిచాయన్నది నిజం, నా దృష్టిలో నిర్ణయం సరైనదే. కానీ దాని ధర ఎక్కడ చెల్లించారో మర్చిపోకూడదు. రాజకీయ నాయకత్వం గీసే గీత ఎప్పుడూ చివరికి ఒక సెక్షన్ కమాండర్ ముందు బండరాయి అయి నిలబడుతుంది.

'పూర్తి స్వేచ్ఛ' అన్న మాటను కూడా ఇలాగే అర్థం చేసుకోవాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో అన్నది దళాలకు వదిలేశారని దాని భావం. లక్ష్యం ఏమిటో, ఎక్కడ ఆగాలో మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది.

చీఫ్ నుంచి సెక్షన్ దాకా

ఆర్మీలో నిచ్చెన ఇలా ఉంటుంది. పదిమంది సెక్షన్‌కు హవల్దార్ లేదా నాయక్ ర్యాంకువాడు ఒకడు ఉంటాడు. మూడు సెక్షన్లు ఒక ప్లటూన్, దానికి సాధారణంగా జేసీఓ (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్). మూడు ప్లటూన్లు ఒక కంపెనీ, దానికి మేజర్. నాలుగు రైఫిల్ కంపెనీలు, మోర్టార్లు, ఇతర సపోర్ట్ కలిపి ఎనిమిది వందల మంది దాకా ఉండే బెటాలియన్, దానికి కల్నల్. మూడు బెటాలియన్లకు బ్రిగేడియర్. మూడు బ్రిగేడ్‌లు, వాటి ఫిరంగి దళం కలిపి డివిజన్, దానికి మేజర్ జనరల్. కొన్ని డివిజన్లు కలిస్తే కోర్. కోర్‌ల మీద కమాండ్. కోర్‌కూ కమాండ్‌కూ లెఫ్టినెంట్ జనరళ్లే ఉంటారు. ఉధంపూర్, చండీమందిర్, జైపూర్, పుణె, లక్నో, కోల్‌కతాల్లో యుద్ధం చేసే కమాండ్‌లు ఆరు, సిమ్లాలో శిక్షణ కమాండ్ ఒకటి.

ఈ నిచ్చెనలో ప్రతి మెట్టుకూ తనదైన పని ఉంది. పై మెట్టు 'ఏం కావాలి' అని చెబుతుంది, కింది మెట్టు 'ఎలా' అన్నది తేల్చుకుంటుంది. పైవాడు మధ్య మెట్లు దాటి నేరుగా కిందికి దిగి 'ఎలా' అన్నది కూడా తనే చెప్పడం మొదలుపెడితే ఏమవుతుందో 1962 చూపించింది.

ఆ సెప్టెంబరులో చైనావాళ్లను ఇప్పటి అరుణాచల్ సరిహద్దులోని థాగ్ లా ప్రాంతం నుంచి తరిమేయాలని ఢిల్లీలో నిర్ణయించారు. ఆర్మీ చీఫ్ జనరల్ థాపర్ రాతపూర్వక ఆదేశం అడిగితే ఇచ్చారు కూడా. అక్కడి బాధ్యత చూస్తున్న 33 కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్, సరుకులూ తుపాకులూ లేకుండా అది సాధ్యం కాదని గట్టిగా చెప్పారు. ఆయన చేతి నుంచి ఆ ప్రాంతాన్ని తీసేసి, అక్టోబరు మొదటి వారంలో 4 కోర్ అని కొత్తగా పెట్టి లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్‌కు ఇచ్చారు. కౌల్ డివిజన్ కమాండర్‌నూ బ్రిగేడియర్ దాల్వీనీ దాటి తనే నామ్కా చు నది ఒడ్డుకు వెళ్లి దళాలను కదిపారు. అక్కడి నుంచి నేరుగా ఢిల్లీకి సందేశాలు పంపారు. తర్వాత జబ్బుపడి ఢిల్లీ వెళ్లిపోయి, ఇంట్లో మంచం మీద నుంచే కోర్‌ను నడపాలని చూశారు. 7 బ్రిగేడ్ మాత్రం పల్లంలో, నది వెంట, శత్రువు ఎత్తు మీద ఉండగా అలాగే కూర్చుంది. అక్టోబరు 20 ఉదయం కొన్ని గంటల్లో ఆ బ్రిగేడ్ తుడిచిపెట్టుకుపోయింది. రెండు రోజులకు దాల్వీ బందీ అయ్యారు. అక్కడి సైనికులు ధైర్యంగా పోరాడారు. వాళ్లను ఆ స్థితిలో పెట్టింది తలకిందులైన కమాండ్. సిగ్నల్స్‌లో పనిచేసినవాడిగా నాకు ఇది చదివిన ప్రతిసారీ కడుపు రగులుతుంది. లైన్ ఎక్కడ పెట్టాలో, బంకర్ ఎక్కడ తవ్వాలో వేల కిలోమీటర్ల దూరం నుంచి చెప్పకూడదు.

1965లో దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఉంది. ఖేమ్ కరణ్ దగ్గర పరిస్థితి క్లిష్టంగా ఉన్నప్పుడు, బియాస్ నది వెనక్కి తగ్గితే ఎలా ఉంటుందని చీఫ్ జనరల్ చౌధురి అన్నారట. హైదరాబాద్ మీదికి వచ్చిన ఆ చౌధురే అప్పటికి ఆర్మీ చీఫ్. వెస్టర్న్ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ హర్బక్ష్ సింగ్ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, ఆయన ఒప్పుకోలేదు, రాసి ఇమ్మన్నారు. రాత ఆదేశం రాలేదు. సైన్యం నిలబడింది, అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల దళం చిత్తుగా ఓడింది. ఇది ధిక్కారం కాదు. నేలను చూస్తున్న కమాండర్ తన మెట్టు మీద తను గట్టిగా నిలబడటం.

ఎవరి కింద ఎవరు: గొడవంతా ఇక్కడే

బయటివాళ్లు ఎవరు పెద్ద అని అడుగుతారు. హెడ్‌క్వార్టర్స్‌లో అసలు టెన్షన్ వేరే చోట ఉంటుంది. మనకు ఇచ్చిన తుపాకులు, హెలికాప్టర్లు, ఇంజనీర్లు మన 'అండర్ కమాండ్' ఉన్నారా, 'ఇన్ సపోర్ట్' మాత్రమే ఉన్నారా? అండర్ కమాండ్ అయితే వాళ్లను ఎక్కడికైనా కదపొచ్చు, రేషన్, అమ్యూనిషన్ మనమే చూడాలి. ఇన్ సపోర్ట్ అయితే మనకోసం పేలుస్తారు, కానీ వాళ్ల సొంత కమాండర్ మధ్యలో వెనక్కి పిలుచుకోవచ్చు. ఆర్డర్‌లో ఈ ఒక్క ముక్క తేడా వస్తే రాత్రి రెండు గంటలకు ఇద్దరు ఆఫీసర్లు ఫోన్‌లో అరుచుకుంటారు. నేను చాలాసార్లు విన్నాను.

ఇలాంటిదే హద్దు గీత. బ్రిగేడ్ ఆపరేషన్స్ రూమ్‌లో గోడ మ్యాప్ మీద పారదర్శకమైన షీట్ పరిచి, మైనం పెన్సిల్‌తో మనవాళ్లను నీలంలో, శత్రువును ఎరుపులో గీస్తారు. రెండు బెటాలియన్ల మధ్య హద్దు కూడా దాని మీదే ఉంటుంది. ఒక పెద్ద ఎక్సర్‌సైజ్‌లో (యుద్ధ విన్యాసంలో) ఆ హద్దును ఒక నాలా (వాగు) వెంట గీశారు, నాలా ఎవరి వాటాలోదో ఆర్డర్‌లో రాయలేదు. ఎడమ యూనిట్ అది కుడివాళ్లదనుకుంది, కుడివాళ్లు ఎడమవాళ్లదనుకున్నారు. రాత్రంతా అందులో పెట్రోలింగ్ లేదు. తెల్లారేసరికి శత్రువు పాత్రలో ఉన్న కంపెనీ అదే నాలాలోంచి వచ్చి మా సిగ్నల్ సెంటర్ వెనక తేలింది. అంపైర్లు మమ్మల్నందర్నీ చనిపోయినట్టు రాసుకున్నారు. నిజం యుద్ధమైతే ఆ బ్రిగేడ్‌కు గొంతు ఉండేది కాదు.

బెటాలియన్ల మధ్య నాలాకే ఇంత గొడవైతే, దళాల మధ్య హద్దు సంగతి ఊహించండి. 1965 సెప్టెంబరు 1న జమ్మూ ప్రాంతంలోని ఛంబ్‌లో పాకిస్తాన్ దాడి తెల్లవారుజామున మొదలైంది. విమానాలు కావాలని ఆర్మీ చీఫ్ సాయంత్రం రక్షణమంత్రి వై.బి. చవాన్ దగ్గరికి వెళ్లారు. చవాన్ నిమిషాల్లోనే ఒప్పుకున్నారు. ఎయిర్ మార్షల్ అర్జన్ సింగ్ దళం ఆ సాయంత్రమే పఠాన్‌కోట్ నుంచి ఎగిరింది. నిర్ణయంలో ఆలస్యం లేదు. కానీ రెండు దళాల మధ్య ముందస్తు ప్లానింగ్ సరిగా లేక, ఆ గందరగోళంలో మన దళాల మీదే కొన్ని దాడులు జరిగాయి, పాత వాంపైర్ విమానాలు నాలుగు పోయాయి.

1971లో ఇదంతా చాలా మెరుగుపడింది. అయినా ఒక్కసారి మ్యాప్ చూడండి. తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) వైపు యుద్ధానికి ఆర్మీ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ అరోరా కోల్‌కతాలో, ఎయిర్ కమాండ్ షిల్లాంగ్‌లో, నేవీ కమాండర్ వైస్ అడ్మిరల్ కృష్ణన్ మన విశాఖపట్నంలో. ఒకే యుద్ధం, మూడు ఊళ్లు. అందుకే ఎయిర్ ఫోర్స్ వాళ్లు కోల్‌కతాలోని ఫోర్ట్ విలియంలో ఒక అడ్వాన్స్ హెడ్‌క్వార్టర్స్ పెట్టారు.

ఆ యుద్ధంలో మెట్టు మెట్టుకూ ఇచ్చిన చొరవ నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది. విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉందనిపించేలా దొంగ వైర్‌లెస్ సందేశాలు పంపించారు కృష్ణన్. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరం దగ్గర మునిగింది. ఇది మన నేవీ చెప్పే కథనం. ఢిల్లీ ఆయనకు విక్రాంత్‌ను కాపాడి తూర్పు సముద్రాన్ని పట్టుకోమంది. వైర్‌లెస్‌తో వల వేయడం ఆయన ఆలోచన. ఆర్‌కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం చూసినప్పుడు ఈ సంగతి పిల్లలకు చెప్పండి.

4 కోర్ కమాండర్ సగత్ సింగ్ పనీ అంతే. ఆయనకిచ్చిన పని మేఘనా నది దాకానే. ఆషుగంజ్ వంతెనను పాకిస్తాన్‌వాళ్లు డిసెంబరు 9న పేల్చేశారు. ఆ రాత్రే ఆయన గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ మీ-4 హెలికాప్టర్లతో 4 గార్డ్స్ బెటాలియన్‌ను నది అవతల రాయ్‌పురాలో దించడం మొదలుపెట్టారు. హెలికాప్టర్లు ఎయిర్ ఫోర్స్‌వి, సగత్ ఆర్మీవాడు. ఆ ఇద్దరూ ఒకే చోట ఉండి ఒకే మాట మీద పనిచేయడం వల్లే అది కుదిరింది. ఢాకా దారి అక్కడ తెరుచుకుంది.

సీడీఎస్, థియేటర్ కమాండ్‌లు

ఇలా వ్యక్తుల స్నేహం మీద ఆధారపడకూడదు, వ్యవస్థలోనే ఉండాలన్నదే సీడీఎస్ వెనక ఆలోచన. కార్గిల్ తర్వాత కె. సుబ్రహ్మణ్యం కమిటీ లోపాలను చూపించింది. 2001లో మంత్రుల బృందం సీడీఎస్ కావాలంది. అదే ఏడాది మూడు దళాల ఉమ్మడి సిబ్బంది కార్యాలయం, అండమాన్‌లో ఉమ్మడి కమాండ్ వచ్చాయి. సీడీఎస్ మాత్రం 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్‌తో మొదలైంది.

ప్రస్తుత ఏర్పాటులో సీడీఎస్ రక్షణమంత్రికి ఉమ్మడి సైనిక విషయాల్లో ప్రధాన సలహాదారు, చీఫ్‌ల కమిటీకి శాశ్వత చైర్మన్, సైనిక వ్యవహారాల విభాగానికి కార్యదర్శి. ముగ్గురినీ ఒక ప్లాన్ మీద కూర్చోబెట్టగలరు. ఒక బ్రిగేడ్‌ను మాత్రం ఆయన మాట మీద నేరుగా కదపలేరు.

ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకరి కింద పెట్టే థియేటర్ కమాండ్ వస్తే ఇది మారుతుంది. ఇప్పుడు మూడు దళాలకు విడివిడిగా 17 కమాండ్‌లున్నాయి. లద్దాఖ్‌లో జవాను పైఅధికారి ఉధంపూర్‌లో, ఆ ఆకాశం చూసే ఎయిర్ కమాండ్ అధిపతి ఢిల్లీలో ఉంటారు. థియేటర్ అయితే ఒక ప్రాంతానికి ఒకే కమాండర్. దీని మీద చర్చ ఏళ్లుగా నడుస్తోంది. ఎయిర్ ఫోర్స్ సందేహం కూడా న్యాయమైనదే: మంజూరైన 42 ఫైటర్ విమానాల స్క్వాడ్రన్‌లలో (దళాల్లో) 2025 సెప్టెంబరులో మిగ్-21లు వెళ్లిపోయాక మిగిలినవి 29. ఉన్న కాసినీ థియేటర్లకు పంచి కట్టేస్తే, అవసరమైన చోటికి రాత్రికి రాత్రి తిప్పడం కష్టం. నా అభిప్రాయం అడిగితే, ఒక ప్రాంతానికి ఒకే కమాండర్ ఉండాల్సిందే. ఫైటర్ విమానాల పెద్ద భాగాన్ని మాత్రం కేంద్రం చేతిలో ఉంచి, పనిని బట్టి థియేటర్‌కు ఇవ్వాలి. వేర్వేరు దళాలవాళ్లు ఒక కమాండర్ కింద ఉన్నప్పుడు క్రమశిక్షణ అధికారం ఆయనకు ఉండేలా 2023లో చట్టం చేశారు, 2024 మే నుంచి అమల్లో ఉంది. అంటే పునాది పడింది.

మీరు పరీక్షకు చదువుతుంటే ఇంకో రెండు గుర్తుంచుకోండి. అణ్వాయుధాల దారి వేరు. 2003 నుంచి న్యూక్లియర్ కమాండ్ అథారిటీ ఉంది, ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలి ఒక్కటే అనుమతి ఇవ్వగలదు. రెండోది, సరిహద్దులో ఉండే బీఎస్ఎఫ్ మామూలు రోజుల్లో హోం శాఖ కింద పనిచేస్తుంది, యుద్ధంలో ఆర్మీ ఆపరేషనల్ కంట్రోల్‌లోకి వస్తుంది.

కమాండర్ పోతే?

దాడికి ముందు కమాండర్ తన కింది అధికారులందరినీ కూర్చోబెట్టి ఆర్డర్ చెబుతాడు. దాన్ని 'ఓ గ్రూప్' అంటారు. ఇసుకతో కొండ నమూనా చేసి దాని చుట్టూ కూర్చుంటారు. శత్రువు సమాచారం, తర్వాత లక్ష్యం. లక్ష్యాన్ని రెండుసార్లు చదువుతారు, ఎవరి చెవినీ దాటిపోకూడదని. ఆ తర్వాత ఎవరు ఎలా వెళ్లాలి, తిండి, మందుగుండు, గాయపడినవాళ్ల సంగతి. చివరి పేరా కమాండ్, సిగ్నల్. నేను పడితే ఎవరు, ఆయన పడితే ఎవరు అన్నది అందులో పేర్లతో చెబుతారు. వాచీలు కలుపుకుని లేస్తారు. పైతో సంబంధం తెగినా పని ఆగకపోవడానికి కారణం ఇదే: పైవాడి ఉద్దేశం ఏమిటో కింద రెండు మెట్ల దాకా అందరికీ ముందే తెలుసు.

జనరళ్లకూ ఇదే వర్తిస్తుంది. 1971లో ఉత్తరం నుంచి ఢాకా వైపు దిగుతున్న 101 కమ్యూనికేషన్ జోన్ దళాలకు మేజర్ జనరల్ గుర్బక్ష్ సింగ్ గిల్ కమాండర్. యుద్ధం మొదలైన కొద్ది రోజులకే ఆయన మందుపాతర పేలి గాయపడ్డారు. మేజర్ జనరల్ గంధర్వ్ నాగ్రా వచ్చి పగ్గాలు తీసుకున్నారు. డిసెంబరు 16 ఉదయం ఢాకా అంచున మీర్పూర్ వంతెన దగ్గరికి చేరి, లోపల ఉన్న పాకిస్తాన్ తూర్పు సేనల కమాండర్ నియాజీకి చీటీ పంపింది ఆ నాగ్రాయే.